గోడ లోపల ఇద్దరు

ఈలీ దీవి, రెల్లు గుడిసె,
సెయింట్ మైకేల్ పండుగ మరునాడు.

అక్కా,

నేను చావలేదు. ఈవ్‌షామ్ యుద్ధంలో నా శవాన్ని కళ్లారా చూశానని ఫుల్క్ దొర ఊరూరా చెప్పుకు తిరుగుతున్నాడట. ఆయన చూసిన శవమెవరిదో, పాపం, నాది మాత్రం కాదు. రాజు మీద పెద్ద దొరలు, ఆ బారన్లు, తిరగబడినప్పుడు వాళ్ల వెంట పోవద్దని నువ్వు కిటికీ తెర వెనక నుంచి మూడుసార్లు చెప్పావు. వెళ్లాను, ఓడాను. భూములు పోగొట్టుకున్న నాలాంటి వాళ్లందరం ఇప్పుడు ఈ చిత్తడిలో చేరి, చుట్టూ నీళ్లున్నాయి కదా అని ధైర్యం చెప్పుకుంటున్నాం.

నా పొలాలు రాజు ఫుల్క్‌కి ఇచ్చేశాడు. కానీ అవి నా భార్య సిబిల్ పుట్టింటివి. ఆమెను పెళ్లాడితే తప్ప రైతులు తనను దొరగా ఒప్పుకోరని వాడికి తెలుసు. అందుకే నన్ను నోటితో చంపేశాడు. నా భార్య ఏడాదిగా బొగ్గులు కాల్చేవాళ్ల పాకల్లో, గొర్రెల దొడ్లలో దాక్కుంటోంది. చలికాలం వచ్చేస్తోంది. వాడి మనుషులు అడవిని జల్లెడ పడుతున్నారు.

ఈ దేశంలో షెరీఫ్ అడుగుపెట్టలేని గది ఒక్కటే ఉంది. నీ గది. చర్చి పక్కన నిన్ను అందులో ఉంచి గోడ కట్టేసిన రోజు బిషప్పు నీకు చావు ప్రార్థన చదివి, నెత్తిన పిడికెడు మట్టి వేశాడు. లోకం లెక్కలో నువ్వు సమాధిలో ఉన్నావు. సమాధి తవ్వే అధికారం షెరీఫ్‌కి లేదు.

నేనేం అడుగుతున్నానో నాకు తెలుసు. నువ్వు ఒంటరిగా ఉంటానని దేవుడికి మాటిచ్చావు. అయినా అడుగుతున్నాను. తోకీ అని మలుగు చేపలు పట్టేవాడు ఉన్నాడు, నమ్మకస్తుడు. వాడే ఆమెను తెస్తాడు. కాదంటే వాడితోనే పంపించెయ్.

నీ తమ్ముడు
హామో

*

థోర్న్‌హోల్మ్, చర్చి పక్క గది,
సకల పునీతుల పండుగ ముందు వారం.

హామో,

నీకు మతి పోయిందని చిన్నప్పుడే అనుకున్నాను. ఇప్పుడు రుజువు దొరికింది.

కాదంటే పంపించెయ్ అన్నావు. ఆ పిల్ల కాళ్లు చూస్తే గన్నిల్డే ఏడ్చింది. గన్నిల్డ్ ఎలాంటిదో నీకు తెలుసు, పదకొండేళ్లుగా నాకు కిటికీలోంచి తిండి అందిస్తూ ఒక్కసారి కూడా ‘తిన్నావా’ అని అడగని మనిషి. గోడ కట్టిన ముసలి ఓస్గాట్‌నే పిలిపించాం. గన్నిల్డ్ కొట్టం వైపు కిటికీ కింద రెండు రాళ్లు తీశాడు. తీసి, సందు చూసి, సిబిల్‌ని చూసి, గడ్డం గోక్కున్నాడు.

“అమ్మా, రాళ్లు తీయడం నాకు చిటికెలో పని. కానీ ఈ తల్లి... అంటే... కాస్త నడుం కింద...”

“నా నడుం సంగతి నీకెందుకయ్యా? నీ రాళ్ల సంగతి నువ్వు చూసుకో,” అంది నీ భార్య, చలికి వణుకుతూనే.

దూరింది. మోచేతులు గీరుకుపోయాయి. ఓస్గాట్ రాళ్లు మళ్లీ పెట్టాడు, సున్నం పెట్టలేదు. బయట నుంచి చూస్తే తేడా తెలియదట.

ఇక నా బాధ విను. నా గది ఇటు తొమ్మిదడుగులు, అటు ఏడు. నీ భార్య గురక పెడుతుంది. నిద్రలో నా దుప్పటి లాగేసుకుంటుంది. నేను ప్రార్థనలో ఉంటే ఊపిరి కూడా జాగ్రత్తగా పీలుస్తుంది, ఆ జాగ్రత్త నాకు ఇంకా పెద్ద చప్పుడు. నా పిల్లికి ‘ప్రయర్’ అని పేరెందుకు పెట్టావని అడిగింది. మఠం పెద్దాయనలా తిని పడుకుంటుంది కాబట్టి అన్నాను. దానికి పడీపడీ నవ్వి, దుప్పటి నోట్లో కుక్కుకుంది. నా గదిలో నవ్వు వినపడి పదకొండేళ్లయింది. బయట ఎవరైనా వింటే ఏం గతి?

వ్రతం చెడింది. పాదరీకి ఈ సంగతి చెప్పలేదు. చలికాలం అయ్యేదాకా ఉండనీ. ఆ తర్వాత తీసుకుపో.

ఏవిస్

*

ఈలీ దీవి,
క్రిస్మస్ తర్వాత మూడో రోజు.

అక్కా,

క్రిస్మస్‌కి మాకు మలుగు చేపలు పెట్టారు. ముందు రోజు కూడా మలుగు చేపలే. రేపూ అవే. ఒంటికి పొలుసులు మొలిస్తే నన్ను వలతో పట్టండి.

ఇక్కడ ఎప్పుడూ తడే. చెప్పులు తడి, రొట్టె తడి, విల్లు తాడు తడి. పక్క గుడిసెలో ఇద్దరు చలిజ్వరంతో పోయారు. పగలంతా గట్టు మీద కాపలా కాస్తాను. పొగమంచులో ఏ కొంగ కదిలినా రాజుగారి దోనె అనుకుంటాను. వందల మందిమి ఉన్నాం. అయినా నా పేరు పెట్టి పిలిచేవాడు ఒక్కడూ లేడు. ‘ఓయ్ పొడుగోడా’ అంటారు.

ఇక్కడి నుంచి సిబిల్‌కి చదివి వినిపించు. సిబిల్, నీ పుట్టిల్లు పోగొట్టాను. కాళ్లు నయమయ్యాయా? మా అక్క తిడితే పట్టించుకోకు, ఇష్టం లేనివాళ్లని ఆమె తిట్టదు, ఊరుకుంటుంది. గట్టు మీద నిలబడి రోజూ నీ ముఖం గుర్తు చేసుకుంటాను. కుడి కనుబొమ మీది మచ్చ ఏ పక్కకి వంగి ఉంటుందో నిన్న గుర్తురాలేదు. భయమేసింది. తోకీతో చెప్పి పంపు.

హామో

*

థోర్న్‌హోల్మ్,
కొవ్వొత్తుల పండుగ అయిన వారానికి.

తమ్ముడూ,

మచ్చ బయటి పక్కకి వంగి ఉంటుంది. నేనే దీపం పెట్టి చూశాను.

షెరీఫ్ భటుడు వచ్చాడు. వీధి కిటికీ తెర ముందు నిలబడి, “అమ్మా, దండం. దొరగారి పెళ్లికూతురు తప్పిపోయింది. ఈ దరిదాపుల్లో చూశారా?” అన్నాడు.

“నాయనా, ఈ తెర వెనక నుంచి నేను మనుషుల్ని చూడకూడదు. నీ ముఖమే నేను చూడలేదు,” అన్నాను.

సరిగ్గా అప్పుడే నాకు దగ్గొచ్చింది. నా వెనక సిబిల్‌కీ వచ్చింది. వాడు ఆగిపోయాడు. “లోపల ఇద్దరు దగ్గినట్టుందేంటి?”

“పదకొండేళ్లు ఒంటరిగా ఉండి చూడు బాబూ. నీ దగ్గుకి నువ్వే బదులు దగ్గుతావు,” అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు హామో. ఆమె రాకముందు నేను అలాగే చేసేదాన్ని.

వాడు, “మా అమ్మకి పంటినొప్పి, ఆమె కోసం ప్రార్థన చేయండి,” అని వెళ్లిపోయాడు. చేశాం, ఇద్దరం. కానీ షెరీఫ్ మనుషులు చర్చి ముంగిట్లోంచి కదలడం లేదు. రోజూ ఎవరో ఒకరు ఆ అరుగు మీద కూర్చుంటున్నారు. తోకీని ఇటు పగటిపూట తిరగొద్దని చెప్పు.

సిబిల్ సంగతులు రాయమన్నావు. కాళ్లు మానాయి. పొద్దున్నే నా తల దువ్వుతుంది. మాకు జుట్టు కత్తిరించుకోవాలన్న నియమం ఉంది, దువ్వడానికి అక్కడ ఏమీ లేదు, అయినా దువ్వుతుంది. చర్చి బలిపీఠం మీదికి గుడ్డ కుడుతున్నాం, ఆమె ఆకులు, నేను అంచు. మీ ఇద్దరి పెళ్లిలో నువ్వు బల్ల మీద నుంచి పడ్డ కథ నాలుగుసార్లు చెప్పింది, నాలుగుసార్లూ నువ్వు వేరే వేరే చోట పడ్డావు. ఈ మధ్య నన్ను ‘మీరు’ అనడం మానేసి ‘నువ్వు’ అంటోంది. నేను దిద్దలేదు. ప్రయర్ కూడా నన్ను వదిలి ఆమె కాళ్ల దగ్గరే పడుకుంటోంది, విశ్వాసం లేని పిల్లి.

మాకేం ఇబ్బంది లేదు. తొందరపడి ప్రమాదం తెచ్చుకోకు.

ఏవిస్

*

ఈలీ దీవి,
ఉపవాస దినాల్లో మొదటి ఆదివారం.

అక్కా,

దారి దొరికింది. లిన్ రేవుకి సముద్రం అవతలి ఫ్లెమిష్ వాళ్ల ఉన్ని పడవ ఒకటి వస్తుంది. దాని సరంగు ఒకప్పుడు నా దగ్గర గొర్రెబొచ్చు కొన్నవాడే. ఇద్దరికి చోటిస్తానన్నాడు. సెయింట్ గ్రెగరీ పండుగ నాటి పొద్దున బయలుదేరుతుంది, ఎవరి కోసమూ ఆగదు. ఇదే మొదటి పడవ, ఇదే చివరిది. రాకుమారుడు చిత్తడికి అడ్డంగా కంపలతో దారులు వేయిస్తున్నాడు. వేసవికి ఈ దీవి చుట్టూ తలుపులు మూసుకుపోతాయి.

పండుగకి ముందు రోజు తోకీ తన దోనెతో చర్చి దిగువన పిండిమర దగ్గర ఉంటాడు. తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఆగుతాడు. చర్చి దాకా వాడు రాలేడు, భటులు వాణ్ని గుర్తుపట్టేశారు. గన్నిల్డ్ పాత బట్టలు కట్టుకుని, నెత్తిన గడ్డిమోపుతో సిబిల్ మర దాకా నడిస్తే చాలు. అరుగు మీది వాడు గన్నిల్డ్ ముఖం వైపు ఎప్పుడూ చూడడని తోకీ అంటున్నాడు. గన్నిల్డ్‌కి ఈ మాట చెప్పకు.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. సిబిల్‌కి ఇది చదివి వినిపించు. భయపడి రాకపోతే తప్పు పట్టనని కూడా చెప్పు. ఈ రెండేళ్లలో నేను ఆమెకి ఇచ్చింది భయమే.

అక్కా, నిన్ను మళ్లీ చూడలేను. పడవ ఎక్కాక ఏడుస్తాను, ఇప్పుడు తీరిక లేదు.

హామో

*

థోర్న్‌హోల్మ్,
సెయింట్ గ్రెగరీ పండుగ.

తమ్ముడూ,

ఉప్పు అమ్మేవాడు ఈలీ వైపు వస్తున్నాడని తెలిసి నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇక్కడ వాన. సిబిల్‌కి కాస్త దగ్గు, పెద్దదేం కాదు. ప్రయర్ ఒక ఎలుకని పట్టి వదిలేసింది. గుడ్డ మీద ఆకులు అయిపోయాయి, ఇక పళ్లు కుట్టాలి. ఈస్టర్‌కి పూర్తవుతుంది.

నీ దగ్గర నుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైంది.

ఏవిస్

*

ఈలీ దీవి,
ఈస్టర్ తర్వాతి వారం.

అక్కా,

‘ఉత్తరం వచ్చి చాలా రోజులైంది’ అని రాశావు. నా ఉత్తరాన్ని తోకీ పండుగకి ముందే ఒక తెల్లవారుజామున గన్నిల్డ్ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కిటికీలోంచి నీకు అందించడం చూసి మరీ వచ్చాడు.

నువ్వు జన్మలో అబద్ధమాడలేదు. మొదటిసారి ఆడావు, అదీ నా కోసమే. అర్థమైంది అక్కా. సిబిల్ రానంది. ఆ మాట నాకు రాయలేక ఉత్తరమే అందలేదన్నావు.

తోకీ మధ్యాహ్నం గంట దాటాక కూడా చాలాసేపు ఆగాడట. నేను లిన్ రేవులో నిలబడ్డాను. సరంగు ‘ఎక్కుతావా లేదా’ అని రెండుసార్లు కేక వేశాడు. నా చోటు పొట్టలో బాణం దిగిన ఒక కుర్రవాడికి ఇచ్చి వెనక్కి వచ్చేశాను. ఆమె లేకుండా అక్కడికి పోయి ఎవరికి రొట్టె తేవాలి?

ఆమె మీద కోపం లేదు. నిజంగా లేదు. ఇది ఆమెకి చదివి వినిపించు. సిబిల్, నేను నిన్ను విడిచిపెడుతున్నాను. నేను చచ్చానని ఫుల్క్ చెప్పే మాటనే నువ్వూ ఒప్పుకో. మీ నాన్న ఇంట్లో, పొడి పరుపు మీద పడుకో. ఎవరైనా అడిగితే నేను నిజంగానే చచ్చానని చెప్పమని తోకీతో అంటాను.

రాకుమారుడి కంపదారి మా గట్టుకి దగ్గరైంది. ముందు వరసలో నిలబడే వాళ్లు కావాలన్నారు. నేను నిలబడతానన్నాను. ఇక్కడ అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. ధైర్యం అంటే ఇదేననుకుంటున్నారు.

ఇక ఉత్తరాలు వద్దు.

హామో

*

థోర్న్‌హోల్మ్,
మే నెల మొదటి రోజు, పొద్దున.

హామో, ముందు వరసలో నిలబడకు. మిగతాది చదవకపోయినా ఫరవాలేదు, ఆ ఒక్కటి చెయ్యకు.

సిబిల్ రాననలేదు. నేను చెప్పలేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. “ఏం రాశాడు వదినా?” అంది. “మలుగు చేపలు తిని విసుగెత్తిందట,” అన్నాను. నవ్వింది. ఆ నవ్వు ఇంకొక్క రోజు విందామనుకున్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. తొమ్మిది రోజులు అలాగే అనుకున్నాను. పండుగ ముందు రోజు పొద్దున్నే లేచి చర్చి కిటికీ వైపు తిరిగి మోకాళ్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం గంట కొట్టేదాకా లేవలేదు. దేవుడితో ఏమన్నానో గుర్తులేదు. గంట కొట్టాక లేచి, ఇక చెప్పి ప్రయోజనం లేదు కదా అనుకున్నాను. ఎంత తేలిగ్గా అనిపించిందో నీకు చెప్పలేను. అదే నా పాపం, మిగతాదంతా దాని తర్వాతే.

నేను ఒంటరితనాన్ని కోరుకున్న మనిషిని. నన్నెవరూ బలవంతం చేయలేదు. దేవుడు తోడుంటాడన్నారు, ఉన్నాడు కూడా. కానీ ఆయన తల దువ్వడు హామో. రాత్రి దుప్పటి లాగడు. ఏడాదికి ఒకసారి కూడా ‘నువ్వు’ అని పిలవడు. ఇవన్నీ లేవని ఆ పిల్ల రాకముందు నాకు తెలియనే తెలియదు. తెలిశాక మళ్లీ వదులుకోవడం చేతకాలేదు.

నిన్న నీ ఉత్తరాలు రెండూ ఆమెకి చదివి వినిపించాను. అరవలేదు. అరిస్తే బయటికి వినిపిస్తుందని కాదు, అరవాలన్న ఊసే లేదు ఆమె ముఖంలో. రోజంతా గోడ వైపు తిరిగి పడుకుంది. ఇవాళ లేచి గన్నిల్డ్ బట్టలు కట్టుకుంది. ఇప్పుడు నా ముందే కూర్చుని చెప్పులు కట్టుకుంటోంది. నిన్ను వెతుక్కుంటూ చిత్తడిలోకి పోతుందట. తోకీ లేడు, దారి తెలియదు. “దారి తెలియకుండా ఎలా?” అన్నాను. “నీళ్లు ఎటు పారితే అటు,” అంది. ఈ రెండు రోజుల్లో నాతో అన్నది అంతే.

గోడలో రాళ్లు తనే లాగింది. ఈ ఉత్తరం తనే తెస్తానంటోంది. ఇది నీ చేతికి అందితే ఆమె కూడా అందినట్టే.

నన్ను క్షమించమని అడగడం లేదు. ఆమెను చూసుకో.

ఏవిస్

*

బ్రూజ్ పట్టణం,
కన్య మరియ ఆరోహణ పండుగ.

అక్కా,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని రెండు నెలలు ఆలోచించాను. వద్దనే అనుకున్నాను. సిబిల్ ఊరుకోలేదు.

ఆమె పదకొండో రోజున నన్ను చేరింది. నాలుగు రోజులు రెల్లులోనే ఉండిపోయిందట. కొంగ గుడ్లు పచ్చివే తాగింది. తోకీ తన వలల దగ్గర ఆమెని చూసి ముందు దెయ్యమనుకుని కర్ర ఎత్తాడు. ఆమె వచ్చేసరికి నా మోకాల్లో బాణం దిగి మూడు రోజులైంది. నువ్వు ముందు వరసలో నిలబడకు అని రాసిన మాట నాకు అందింది మంచం మీద. కాలు ఉంది గానీ వంగదు. దోనెలో గడ్డి కింద నన్ను పడుకోబెట్టి లిన్ దాకా తీసుకుపోయింది, అక్కడ ఉప్పు పడవ వాణ్ని బతిమాలింది తనే. నేను ఇప్పుడు ఒక నేతవాడి ఇంట్లో ఉన్ని చిక్కులు తీస్తున్నాను, కూర్చుని చేసే పని కదా.

ఇంతవరకు నేను రాయాలనుకున్నది. మిగతాది ఆమె రాయమన్నది.

ఆమెకి ముందే తెలుసు అక్కా. ఉత్తరం తెచ్చిన రోజునే పడవ సంగతి తోకీ గన్నిల్డ్‌కి చెప్పాడు. గన్నిల్డ్ నువ్వు ఎలాగూ చెబుతావని ఊరుకుంది. పండుగ ముందు రోజు పొద్దున సిబిల్ ఇంకా గదిలోనే కూర్చుని ఉండడం చూసి, కిటికీలోంచి రొట్టె ఇస్తూ చెవిలో చెప్పేసింది, ‘మర దగ్గర మనిషి ఆగి ఉన్నాడు, నువ్వు పోవేంటి తల్లీ?’ అని. అప్పటికి ఇంకా చాలా పొద్దుంది. బట్టలు గన్నిల్డ్ చేతిలోనే ఉన్నాయి. నువ్వు ఆమెకి వీపు పెట్టి మోకాళ్ల మీద ఉన్నావు. నీ భుజాలు వణకడం ఆమె చూసింది.

‘ఒక్కమాట చెబుతుందనుకున్నాను. వెళ్లు అని. తిట్టి అయినా సరే. ఆ మాట అనిపించుకోకుండా ఆ మనిషిని అలా వదిలేసి రాలేకపోయాను. గంట కొట్టేదాకా అనుకుంటూనే ఉన్నాను, ఇప్పుడు తిరుగుతుంది, ఇప్పుడు తిరుగుతుంది అని. నేనూ ఆమెకి చెప్పలేదు, నాకు తెలుసని. అందుకని తప్పు సగం నాది. మీ అక్కకి అలాగే రాయి’ అంటోంది.

నేను ఈ సగాలు ఒప్పుకోను. నాకు ఇద్దరి మీదా కోపమే. ఆమెతో అయితే ఎదురుగా కూర్చుని పోట్లాడగలను, రోజూ పోట్లాడుతున్నాను కూడా. నీతో పోట్లాడాలంటే సముద్రం దాటాలి, ఈ కాలితో అయ్యే పని కాదు.

ఉన్ని కొనడానికి వెళ్లే వ్యాపారి ఒకడు ఇది తెస్తాడు. మీ ఊరిలో అతను ఎక్కువసేపు ఆగడు.

హామో

*

థోర్న్‌హోల్మ్,
తారీఖు గన్నిల్డ్‌ని అడగాలి.

హామో, ఇది సిబిల్‌కి చదివి వినిపించు. నీకు వేరే రాసేదేమీ లేదు. నీ మోకాలి కోసం రోజూ ప్రార్థిస్తున్నాను, నీకు ఇష్టం లేకపోయినా.

సిబిల్, వ్యాపారి తెర బయట నిలబడి గుర్రం ఆగడం లేదంటున్నాడు, అందుకని పొడుగ్గా రాయను. ఓస్గాట్ వచ్చి రాళ్లు పెట్టేశాడు, ఈసారి సున్నంతో. పాదరీకి అంతా చెప్పాను. ఏడాది పాటు రొట్టె, నీళ్లు అన్నాడు. సరేనన్నాను. గన్నిల్డ్ నాతో ఇంకా మాట్లాడదు.

సగం తప్పు నీదన్నావట. ఒక్క సంగతి నీకు చెప్పాలి, ఇది పాదరీకి కూడా చెప్పలేదు. ఆ పొద్దున గన్నిల్డ్ నీ చెవిలో ఏదో చెప్పడం నేను విన్నాను. నీకు తెలిసిపోయిందని అప్పుడే తెలుసు. నువ్వు లేస్తావని, చెప్పులు వెతుక్కుంటావని ఎదురుచూశాను. నువ్వు లేచిన చప్పుడు వినగానే ఇటు తిరిగి, వెళ్లు తల్లీ, పరుగెత్తు అనేద్దామని ఆ మాట నాలుక మీదే పెట్టుకుని కూర్చున్నాను.

నువ్వు కదలలేదు. గంట కొట్టేదాకా నేను విన్నది నీ ఊపిరి ఒక్కటే.